లేని పదార్థం

రాజశేఖర్ తప్పును వేరెవరూ పట్టుకోలేదు. అతనే పట్టుకున్నాడు. జూన్ నెల, ఒక బుధవారం, పొద్దున పదకొండు గంటలు. కాలేజీకి ఇంకా వేసవి సెలవులే. డిపార్ట్‌మెంటు గదిలో అతను తప్ప ఎవరూ లేరు.

అతను నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు హెడ్డు. వయసు నలభై నాలుగు. సొంతూరు దొర్నిపాడు పక్కన. ఇంట్లో అందరూ సేద్యంలో ఉంటే ఇతనొక్కడు చదువు పట్టుకుని వేలాడాడు. పాఠాలు చెప్పేది జీతం కోసం. మనసంతా ఇంకో పని మీద ఉండేది. ఫలానా పదార్థంలో ఎలక్ట్రాన్లు ఎలా మసలుతాయి, అది కరెంటును పోనిస్తుందా, ఎండను ఎంత పీల్చుకుంటుంది అని కంప్యూటరు మీద లెక్కగట్టి చెప్పడం ఆ పని. దానికి పదార్థం చేతిలో ఉండాల్సిన అవసరం లేదు. లోకంలో అంతవరకూ ఎవరూ దాన్ని తయారు చేసి ఉండకపోయినా ఫర్వాలేదు. పరమాణువుల్ని తెర మీద ఒక వరసలో పేర్చి వదిలేస్తే, కంప్యూటరు రోజుల తరబడి నమిలి చివరికి ఒక అంకె చెబుతుంది.

ఏడేళ్ల కిందట అతను అలాంటి పేపరొకటి రాశాడు. రాగి, బిస్మత్, గంధకం, అయోడిన్ ఒక పద్ధతిలో కలిస్తే వచ్చే పదార్థం గురించి. ఆ పేపరు రెండు మాటలు చెప్పింది. ఆ పదార్థం ఎండను పీల్చుకోవడానికి సరిగ్గా సరిపోతుంది, పాణ్యం అవతల మెట్టల్లో పరిచిన సోలార్ పలకల్లాంటి వాటిలో వాడొచ్చు అన్నది మొదటి మాట. అది నిలబడుతుంది, అంటే తయారు చేశాక విడిపోయి వేరే పొడులుగా మారిపోదు అన్నది రెండో మాట. పేపరు బాగా నడిచింది. నూట పన్నెండు మంది తమ పేపర్లలో దాన్ని ఉదహరించారు. కాలేజీ వెబ్‌సైటులో మొదటి పేజీలోనే దాని పేరుండేది.

ఆ బుధవారం అతను చేస్తున్నది గుమాస్తా పని. కొత్త పేపరు తీసుకున్న పత్రిక వాళ్లు పాత లెక్కల ఫైళ్లన్నీ అందరికీ కనిపించేలా పెట్టమన్నారు. పాత కంప్యూటరులోంచి ఒక్కొక్క ఫైలే తీసి పేరు మారుస్తున్నాడు. ఒకదాంట్లో కటాఫ్ అనే చోట ఐదువందల ఇరవై అని ఉంది. పక్కదాంట్లో అదే చోట నాలుగువందలు ఉంది.

లెక్క ఎంత సూక్ష్మంగా జరగాలో చెప్పే అంకె అది. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ తప్పు లేదు. ఒకదాన్ని ఒకదానితో పోల్చాలంటే మాత్రం రెండింటికీ ఒకే అంకె ఉండాలి. మార్కెట్ యార్డులో ఒక బస్తాను ఒక కాటా మీద, ఇంకో బస్తాను వేరే కాటా మీద తూచి, ఇది దానికంటే కాస్త తక్కువ ఉందని రాసుకున్నట్టుంది అతను చేసింది. తన పదార్థాన్ని ఒక కాటా మీద తూచాడు. అది విడిపోతే వచ్చే పొడుల్ని ఇంకో కాటా మీద తూచాడు. ఆ తేడా చూసి ‘నిలబడుతుంది’ అని రాశాడు.

రెండో ఫైలు అడుగున ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. రీడూ లేటర్. తర్వాత మళ్లీ చెయ్యాలి. రాసుకున్నది తనే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడు ఎండాకాలం కరెంటు గంట ఉంటే గంట లేదు. ఆ పొడుల లెక్క కొత్తగా చెయ్యాలంటే మూడు వారాలు పట్టేది. పేపరు పంపాల్సిన గడువు ఎనిమిది రోజులే ఉంది. పాత లెక్కలు ఉన్నాయి కదా అని వాటినే తెచ్చి పెట్టాడు. తర్వాత చేద్దామనుకున్నాడు. పేపరు వచ్చింది, సన్మానం జరిగింది, ఆ ‘తర్వాత’ అన్నది రానే లేదు.

ఇప్పుడు మొత్తం లెక్క ఒకే అంకెతో మళ్లీ నడిపాడు. కొత్త కంప్యూటరు మీద ఐదు రోజులే పట్టింది. సోమవారం జవాబొచ్చింది. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ ఉంది. ఆ పదార్థం నిలబడదు. ఎవరు ఎంత జాగ్రత్తగా కలిపినా విడిపోతుంది.

అతను ఆ అంకెను చూస్తూ కూర్చున్నాడు. గుండె దడదడలాడుతుందేమో అనుకున్నాడు. ఆడలేదు. పంటికి మత్తు సూది వేసినప్పుడు బుగ్గ తనది కానట్టుంటుందే, అలా ఒళ్లంతా ఎవరిదో అయినట్టుంది. కంప్యూటరు ఆపి, గదికి తాళం వేసి, ఇంటికి పోయి అన్నం తిన్నాడు.

భార్య చందన బ్యాంకులో పని చేస్తుంది. ఇంట్లో మాట వినిపించకపోతే పట్టేస్తుంది.

“ఏందీ, అట్లున్నావు?” అంది.

“నా పేపరు తప్పు.”

“ఏ పేపరు?”

“పెద్దది.”

చందన కంచంలో పెరుగు వేసింది. “దానివల్ల ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?” అంది.

ఆ ప్రశ్న అతనికి తట్టలేదు అంతవరకూ. ఉదహరించిన నూట పన్నెండు మందిలో నూట పదకొండు మంది తనలాగే లెక్కలు వేసుకునేవాళ్లు. వాళ్లకు పోయేదేమీ లేదు. ఒకే ఒక్క చోట మాత్రం ఆ పదార్థాన్ని నిజంగా తయారు చెయ్యడానికి కూర్చున్నారు. పక్క రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ. కెమిస్ట్రీ రీసెర్చి చేసే అమ్మాయి, పేరు అనిత. తనకు రెండుసార్లు ఈమెయిల్లో ఉత్తరం రాసింది.

మరుసటి రోజు ఆ ఉత్తరాలు వెతికి తీశాడు. మొదటిది నాలుగేళ్ల నాటిది. ‘సర్, గొట్టంలో సీలు చేసి పది రోజులు కొలిమిలో పెట్టినా ప్రతిసారీ రెండు పొడులుగా వస్తోంది. ఒకటి ఎర్రగా, ఒకటి బూడిద రంగులో. నేనేమైనా పొరపాటు చేస్తున్నానా?’ రెండోది ఆ తర్వాత ఏడాది. ‘సర్, మన్నించాలి, మీ లెక్కలో ఆ అంకె ఎంతవరకు నమ్మదగినది?’ రెండింటికీ అతను మర్యాదగా జవాబిచ్చాడు. వేడి మెల్లగా పెంచండి, గొట్టంలోకి గాలి పోతోందేమో చూసుకోండి, ఓపిక పట్టండి. ఆ జవాబులు రాసిన రోజు లెక్కను ఒకసారి తీసి చూసి ఉంటే పదినిమిషాల్లో తెలిసిపోయేది.

ఉత్తరం కింద ఆమె పేరు, ఫోను నంబరు, సొంతూరు ఆళ్లగడ్డ అని ఉన్నాయి. ఆళ్లగడ్డ నంద్యాల నుంచి గంట ప్రయాణం.

*

ముందు ప్రిన్సిపాలు ఆనందరావుకు చెప్పాడు. ఆయన పెద్దమనిషి, గొంతు పెంచే అలవాటు లేదు. అంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఎవరన్నా అడిగినారా?”

“లేదు సార్.”

“అడగనప్పుడు ఎందుకప్పా?”

“తప్పు గదా సార్. పత్రికకు రాయాల. పేపరు వెనక్కి తీసుకోవాల.”

“రాయొద్దంటాన్నా? సెప్టెంబర్లో కాలేజీకి గ్రేడిచ్చే కమిటీ వస్తాంది. మన కాలేజీలో వాళ్లకు చూపించేదానికి ఉండేది నీ పేపరొకటే. అది దాటనియ్. ఆమీదట నీ ఇష్టం.”

రాజశేఖర్ సరేనన్నాడు. ఆయన ఒప్పించాడని కాదు. అవునన్నా కాదన్నా తనకు ఒకేలా ఉంది. కాలేజీ తెరిచారు. మొదటి ఏడాది పిల్లలకు అయస్కాంతాల పాఠం చెప్పాడు. జూలై గడిచింది. ఎవరన్నా పలకరిస్తే నవ్వేవాడు. ఆ నవ్వు తన మొహం మీదే ఉందో లేదో తెలిసేది కాదు. చందన ఒకటి రెండుసార్లు అడిగి మానుకుంది.

ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, క్లాసు లేని గంటలో, ఆ నంబరుకు ఫోను చేశాడు. చెయ్యాలని ముందుగా అనుకున్నది కూడా కాదు. కాస్త పెద్ద వయసు ఆడమనిషి ఎత్తింది.

“ఎవురూ?”

“అనిత ఉందామ్మా?”

“ల్యాబులో ఉండాది. ఈ ఫోను నా కాడ ఉంటాది. నేను వాళ్లమ్మను, ఓబులమ్మను. నువ్వెవురప్పా?”

“నంద్యాల నుంచి మాట్లాడతాండా. కాలేజీ సారును.”



“చదువు సంగతైతే వద్దప్పా. దానికి చదువు పడదని ఆ యూనివర్సిటీ పెద్దసారే నాకు ఫోను చేసి చెప్పినాడు. ఇంటికొచ్చినాక ఏడాది పొద్దు మనిషి మనిషిగా లేదు. ఇప్పుడు బాగుండాది.”

“యాడ పని చేస్తాంది?”

“ఆస్పత్రి కాడ. రక్తం తీసే ల్యాబు.” ఫోను పెట్టేసింది.

*

శనివారం సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. శిరివెళ్ల దాటాక ఎడమ పక్క నల్లమల కొండలు మబ్బు కింద నీలంగా కనిపించాయి. పక్క సీటాయన పంటల సంగతి ఎత్తాడు. రాజశేఖర్ అన్నిటికీ ‘ఊ’ కొట్టాడు. ఏం చెప్పాలో వరస వేసుకోవాలని బయల్దేరాడు గానీ బస్సు ఆళ్లగడ్డ చేరేదాకా ఒక్క వాక్యం కూడా తయారు కాలేదు.

ల్యాబు చిన్నది. ముందు గదిలో రెండు బెంచీలు, నిండా మనుషులు. లోపల కర్టెన్ పక్కన తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి, ముప్పై దాటి ఉంటుంది, తల ఎత్తకుండానే ఇతన్ని అడిగింది.

“ఏం టెస్టు సార్? పొద్దున ఏమన్నా తిన్నారా?”

“తిన్నా.”

“షుగరుకైతే రేపు రావాల. పరగడుపున.”

“టెస్టుకు కాదు. నేను రాజశేఖర్. నంద్యాల.”

అనిత తల ఎత్తింది. కాసేపు చూసింది.

“పేపరు రాజశేఖరా?”

“ఆ.”

“కూర్చోండి. పదకొండు మంది ఉండారు.”

అతను బెంచీ చివర కూర్చున్నాడు. ఆమె పని చేస్తుంటే చూశాడు. ఒక తల్లి ఎనిమిది నెలల పిల్లను తెచ్చింది. పిల్ల చేయి మెత్తగా బొద్దుగా ఉంది, నరం కనిపించడం లేదు. అంతకుముందు ఇంకెక్కడో నాలుగుసార్లు పొడిచి వదిలేశారట. అనిత పిల్ల మణికట్టును బొటనవేలితో రెండుసార్లు తడిమి, సూది పెట్టింది. రక్తం వెంటనే వచ్చింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టే లోపల దూది అద్దేసింది.

ఒకటిన్నరకు జనం అయిపోయారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుంది.

“చెప్పండి సార్.”

అతను చెప్పాడు. రెండు ఫైళ్లు, రెండు అంకెలు, మళ్లీ చేసిన లెక్క, మారిన గుర్తు. క్లాసులో చెప్పినట్టే చెప్పాడు, గొంతు ఎక్కడా తడబడలేదు. అది తనకే వింతగా ఉంది.  అంతా అయ్యాక ఆమె అంది.

“అంటే అది రాదు.”

“రాదు.”

“ఎవురు చేసినా?”

“ఎవరు చేసినా రాదు.”

“ఆ నాలుగువందల సంగతి అప్పుడు తెలీలేదా? తెలిసి పెట్టినారా?”

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటది. తెలియదంటే ఆమె నమ్మేది.

“తెలుసు. మళ్లీ చెయ్యాలని రాసి పెట్టుకున్నా. చెయ్యలేదు. తర్వాత మర్చిపోయినా.”

 “డెబ్బై ఒక్క గొట్టాలు సార్,” అంది అనిత. “మూడేళ్ల ఎనిమిది నెలలు. మీరు గాలి పోతాందేమో చూసుకోమన్నారు. ఆ కాగితం ప్రింటు తీసి కొలిమి పైన అతికించుకున్నా. గొట్టం సీలు చేసేది నేర్చుకునేదానికి గాజు పని చేసే ఆయన కాడికి పోయి రెండు నెలలు కూర్చున్నా. మా సారు ఏమన్నాడో తెల్సా? నీవి ల్యాబు చేతులు కావు, పొలం పని చేసే చేతులు అన్నాడు. అందరి ముందర.”

 ఆ మాట ఎవరి మీద పడింది, ఎందుకు పడింది అన్నది ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా విడమరిచి చెప్పనక్కర్లేదు. దొర్నిపాడు పక్కన తమ పొలాల్లో పనికి వచ్చే ఆడవాళ్ల చేతులు రాజశేఖర్ చిన్నప్పటి నుంచి చూశాడు.

“పాండి,” అంది ఆమె లేస్తూ. “ఇదంతా మా అమ్మకు చెప్పాల మీరు. నేను చెప్తే నా తప్పు కప్పిపుచ్చుకుంటాన్నా అనుకుంటాది.”

*

ఇల్లు దగ్గరే. రెండు గదులు, పైన రేకులు, వాకిట్లో గన్నేరు చెట్టు. ఓబులమ్మ అప్పుడే బడి నుంచి వచ్చింది. ఆమె ప్రభుత్వ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. బక్కమనిషి, జుట్టు సగం నెరిసింది. కుర్చీ తుడిచి వేసి, “తింటావాప్పా?” అంది. తింటానన్నాడు. అన్నం, గోంగూర పప్పు పెట్టింది. ముగ్గురూ తిన్నారు. కారం ఎక్కువగా ఉందని కళ్లలో నీళ్లు వస్తే తెలిసింది. నాలుకకు మాత్రం ఏ రుచీ తెలియలేదు.

కంచాలు తీశాక అనిత చెప్పింది. “అమ్మా, ఈ సారు రాసిన లెక్క చూసుకునే నేను ఆడ పని చేసింది.”

ఓబులమ్మ అతని వైపు తిరిగింది. ఇప్పుడతను కాటాల సంగతి చెప్పాడు. పత్తి తూకాలు ఆమెకు తెలుసు. “ఒక కాటాలో ఒకటి, ఇంకో కాటాలో ఇంకొకటి,” అని తనే అంది. “అట్లెట్ల చేస్తారు?”

“చేసినానమ్మా.”

“అయితే నా బిడ్డ తప్పు లేదా?”

“లేదమ్మా. తప్పు నాది.”

“చేతగాక కాదా?”

“ఈ పని ప్రపంచంలో ఎవరికీ చేతగాదు. ఆ వస్తువు లేనేలేదు.”

ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు. 

“అది రాసియ్యి,” అంది ఓబులమ్మ.

“పత్రికకు రాస్తానమ్మా. అందులో వస్తాది.”

“దాంట్లో ఇంగ్లీషు కదా. నాకు రాసియ్యి. తెలుగులో. నేను చదువుకుంటా.”

ఆమె బడికి పోలేదు. పెళ్లయ్యాక ఆదివారం గుడిలో పాస్టరు భార్య దగ్గర అక్షరాలు నేర్చుకుని, బైబిలు చదువుకునేంత అయ్యింది. ఇంకో రకం కాగితం చదివే అవసరం పెద్దగా రాలేదు. అనిత పాత నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఇచ్చింది.

రాజశేఖర్ రాయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని గురించి తెలుగులో ఒక్క వాక్యం రాసి ఎరగడు. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది. మూడుసార్లు కొట్టేసి, చివరికి పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాశాడు:

‘అనిత మూడేళ్ల ఎనిమిది నెలలు కష్టపడి ఒక పదార్థం తయారు చెయ్యాలని చూసింది. అది తయారవుతుందని రాసింది నేను. అది తయారు కాదు. నా లెక్కలో పొరపాటు ఉంది. ఆమె రెండుసార్లు నన్ను అడిగింది. నేను లెక్క సరిచూడలేదు. ఆమె పనిలో లోపం లేదు. ఆమె చేసి చూపించిందే నిజం.’

సంతకం పెట్టి ఇచ్చాడు. ఓబులమ్మ కాగితాన్ని వెలుతురు వైపు పట్టుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. చదువుతున్నంతసేపూ అనిత గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉంది. ఒకచోట ఓబులమ్మ వేలు ఆగింది.

“ఈడ పొరపాటు అని రాసినావు. పొరపాటా, తప్పా?”

అతను కాగితం తీసుకున్నాడు. పొరపాటు అన్న మాట కొట్టేసి పైన తప్పు అని రాశాడు. కొట్టేసిన చోట ఇంకోసారి సంతకం పెట్టమంది. పెట్టాడు.

*

సెప్టెంబరు దాకా ఆగలేదు. సోమవారం పొద్దున్నే పత్రికకు ఉత్తరం పంపి, పంపానని ప్రిన్సిపాలుకు చెప్పాడు. ఆనందరావు తిట్టలేదు. “ఆగుతానన్న మాట మీద నిలబడతావనుకున్నా,” అన్నాడు. ఆరు వారాల్లో పేపరు మీద ‘వెనక్కి తీసుకున్నారు’ అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. కమిటీ వచ్చింది, పోయింది. కాలేజీకి రావాల్సిన గ్రేడు ఒక మెట్టు కిందికి పడింది. అది ఒక్క పేపరు వల్లనే అని ఎవరూ అనలేదు. అయినా అక్టోబరు నుంచి హెడ్డు పదవి ఇంకొకరికి ఇచ్చి, అతన్ని పరీక్షల సెక్షనుకు మార్చారు. హాల్‌టికెట్ల మీద సంతకాలు, ప్రశ్నపత్రాల కట్టలు. తోటి లెక్చరర్లు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. కొందరు కావాలనే గట్టిగా పలకరించేవారు. అవన్నీ అద్దం అవతల జరుగుతున్నట్టు జరిగాయి.

ఒక సాయంత్రం అనిత ఫోను చేసింది.

“నేను చేసిందే నిజమని మా అమ్మకు రాసిచ్చినారు గదా. దాన్ని పేపరుగా వెయ్యొచ్చు గదా?”

“వెయ్యొచ్చు. నీ కొలతలు, నా సరిచేసిన లెక్క. రెండూ కలిపి.”

“ముందర ఎవురి పేరు?”

“నీదే.”

“అట్లయితే సరే.”

చిక్కొకటి వచ్చింది. ఆమె నోటు పుస్తకాలు యూనివర్సిటీలో ఉండిపోయాయి. వాటిని వాడుకోవడానికి వాళ్ల సారు ఒప్పుకోలేదు. ఉత్తరానికి జవాబు కూడా ఇవ్వలేదు. అప్పుడు చెప్పింది అనిత: చివరి గొట్టం, డెబ్బై ఒకటోది, తెరవకుండా తనతోపాటే తెచ్చుకుందట. తెరిచి చూసే ధైర్యం లేక బట్టల కింద పెట్టెలో పెట్టేసిందట.

నవంబరులో ఒక ఆదివారం దాన్ని నంద్యాల తెచ్చింది. కాలేజీ ల్యాబులో వాళ్లిద్దరే. వేలెడంత గాజు గొట్టం, రెండు కొసలూ మూసుకుపోయి ఉంది. అనిత దాన్ని తడిగుడ్డలో చుట్టి, ఆకురాయితో ఒక గీత గీసి, రెండు చేతులతో పట్టుకుని వంచింది. టక్‌మని విరిగింది. లోపలున్నది తెల్ల కాగితం మీద పోసింది.

ఎర్రటి రవ్వ కొంచెం, బూడిద రంగు పొడి కొంచెం. ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉన్నాయి.

“ఎప్పుడూ ఇట్లనే సార్,” అంది.

రాజశేఖర్ వంగి చూశాడు. ఇన్నేళ్లలో తాను లెక్కగట్టిన పదార్థాల్లో దేన్నీ అతను కళ్లతో చూసింది లేదు. ఇప్పుడు మొదటిసారి చూస్తున్నది కూడా ఆ పదార్థం కాదు, అది లేకపోవడం. ఆ రెండు రంగుల్ని చూస్తుంటే చెవుల వెనక వేడి పుట్టింది. డెబ్బై సార్లు ఈ పిల్ల ఇలాగే కాగితం మీద పోసుకుని ఉంటుంది. డెబ్బై సార్లూ ఈ ఎరుపు చూసి, మళ్లీ మొదటి నుంచి తూచడం మొదలుపెట్టి ఉంటుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు కొన్ని క్షణాలే ఉంది. అతను దాన్ని పట్టుకునే లోపలే పోయింది.

పొడిని కర్నూలులో ఒక కాలేజీకి పంపి ఎక్స్‌రే తీయించారు. రెండు వేర్వేరు పదార్థాలని రిపోర్టు వచ్చింది. ఫిబ్రవరిలో పేపరు అచ్చయింది. నాలుగు పేజీలది. మొదటి పేరు బి. అనిత.

ఆళ్లగడ్డ ల్యాబుకు సామాను కొనడానికి నంద్యాల వచ్చినప్పుడు ఆమె కాలేజీ దగ్గర ఆగి, అచ్చు కాగితాలు రెండు కాపీలు తీసుకుంది. అతను బస్టాండు దాకా నడిచి వచ్చాడు. దారిలో అడిగాడు.

“మళ్లీ చేరతావా పీహెచ్‌డీలో? నాకు తెలిసిన మంచి గైడులుండారు. రాస్తా.”

“చూస్తా సార్. ఇప్పుడే చెప్పలేను.”

బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఆమె కాగితాలను సంచిలో మడత పడకుండా సర్దుకుంది.

“మీకెట్లుంది సార్?” అంది ఉన్నట్టుండి.

అతను ఆలోచించాడు. “ఏమీ అనిపించడం లేదు. జూన్ నుంచి ఇంతే.”

“నాకూ ఏడాది అట్లనే ఉన్నింది. ఆకలి కూడా తెలిసేది కాదు.”

“ఆ తర్వాత?”

“ఒకనాడు దుప్పట్లు ఉతుకుతాంటే ఏడుపొచ్చింది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా ఏడ్చినా. అమ్మ ఏమీ అనలేదు, దుప్పట్లు ఆమే పిండి ఆరేసింది.” ఆమె లేచి నిలబడింది. “మా బస్సు వచ్చింది.”

ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికించుకుంది. చెయ్యి ఊపలేదు, తల మాత్రం కొంచెం ఆడించింది. బస్సు వెనక్కి తిరిగి, శిరివెళ్ల రోడ్డు వైపు పోయింది. రాజశేఖర్ ఇంకాసేపు ఆ బెంచీ మీదే కూర్చుని, తర్వాత కాలేజీకి నడిచాడు. సాయంత్రంలోగా ఇంకా రెండువందల హాల్‌టికెట్ల మీద సంతకాలు పెట్టాలి.